ఏడో గ్రహం మీద పువ్వు

కౌండిన్యకి ఆ ఉదయం ఒళ్ళు మండిపోతోంది. అంతరిక్షంలో గ్రహాల మీద దిగి, కనబడినదాన్నల్లా స్కాన్ చేసుకుంటూ తిరిగే వీడియో గేమ్‌కి స్కానింగ్ పద్ధతంతా ఎనిమిది నెలలు కూర్చుని తయారుచేసింది అతనే. విడుదలకి ముందు ఆడి చూడమని కొందరికి పంపిస్తే, ఇప్పుడు కాకినాడ నుంచి ఎవరో పెద్దాయన మెయిల్ పెట్టాడు: “నలభై గ్రహాలు తిరిగాను బాబూ. ఒక్కటీ చూసినట్టు లేదు.”

కౌండిన్య ఊరుకోలేదు. జవాబు రాసి పంపేశాడు. పంపింది చాలక, మాస్టారికి చదివి వినిపించడానికి వెళ్ళాడు.

మాస్టారంటే మస్తాన్‌వలీ గారు. విజయవాడలోని ఆ చిన్న కంపెనీలో అందరికీ పని నేర్పింది ఆయనే. సోమవారం విడుదల కావాల్సిన స్కానింగ్‌కి కూడా ఆయన సరేననాలి.

“‘ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ మాట. ఓపిక ఉన్నవాళ్ళకి అన్నీ కనబడతాయి’ అని రాశాను మాస్టారూ.”

మాస్టారు నవ్వలేదు. “నువ్వు స్కాన్ చేసి ఎన్నాళ్ళయింది?”

“రోజూ చేస్తూనే ఉన్నానండి.”

చేస్తున్నమాట నిజమే. కాకపోతే ఆడేవాళ్ళు ఒక్కోదానికీ బటన్ నొక్కిపట్టి నలభై సెకన్లు ఆగాలి. తయారుచేసేవాళ్ళకి అంత తీరికెక్కడిది? వాళ్ళ కీబోర్డులో దొంగదారిగా ఒక కీ ఉంటుంది. ఆ కీ ఒక్కసారి నొక్కితే గ్రహం మొత్తం స్కాన్ అయిపోతుంది.

మాస్టారు లేచి కౌండిన్య బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ కీని గోటితో ఊడబెరికి చొక్కా జేబులో వేసుకున్నారు.

“ఏడో గ్రహం కొండ మీద ఒక పువ్వుంది కదా. స్కాన్ చేసి రా.”

కొండ మీదికి దారి తెరుచుకోవాలంటే ముందు కింద ఉన్న రాళ్ళు, నాచు, పురుగులు అన్నీ స్కాన్ చేయాలి. ఆ నిబంధన పెట్టిందీ కౌండిన్యే. ఇరవయ్యో రాయి దగ్గర బొటనవేలు లాగడం మొదలుపెట్టింది. ‘ఎవడు పెట్టాడీ నలభై సెకన్లు’ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

భోజనాల వేళకి పని ముగించి మాస్టారి ముందు నిలబడ్డాడు. “అయిందండి. ఎత్తు రెండడుగులు. విషం పన్నెండు శాతం. రాత్రిళ్ళు ముడుచుకుంటుంది.”

“ఏ రంగు?”

కౌండిన్య పువ్వుని గుర్తుచేసుకోబోయాడు. నలభై సెకన్లూ అతను చూసింది తెర మధ్య నిండుతున్న చక్రాన్ని. ఆ చక్రం సరిగ్గా పువ్వు మీదే తిరుగుతుంది. అది నిండగానే వివరాలు వస్తాయి, చదువుకుని ముందుకి పోవడమే. అతనూ అలాగే వచ్చేశాడు.

ఆ పువ్వుని మూడు వారాలు కూర్చుని గీసిన హిమజ పక్క బల్ల దగ్గరే ఉంది. ఆమె వైపు చూడటానికి కౌండిన్యకి ముఖం చెల్లలేదు. కాకినాడ పెద్దాయనకి రాసిన మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. అంత సిగ్గు అతను ఎన్నడూ ఎరగడు.

“చూడలేదండి,” అన్నాడు చివరికి.

“ఆయన రాసిందీ అదేగా.”



“సోమవారం విడుదల వద్దు మాస్టారూ. ఇప్పుడే ఆయనకి క్షమాపణ రాస్తాను.”

“రాద్దువుగాని,” అన్నారు మాస్టారు. “ముందు వెళ్ళి పువ్వు చూసి రా.”