పదికి తొమ్మిది

చీరాలలోని ఓ ఆసుపత్రిలో, పనిలో చురుకే గానీ ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే ఓపిక బొత్తిగా లేని హైమవతి అనే నర్సు ఉండేది.

కాళ్లకు రక్తం సరిగా ఆడక ఏళ్ల తరబడి బాధపడేవాళ్లు అక్కడికి వచ్చేవారు. బతుకు ఎలా సాగుతోందో వాళ్లను అడిగి, పదికి ఇన్ని అని మార్కులు రాయడం ఆమె పని. అడిగితే చాలు, అందరూ "ఏదో ఉన్నామమ్మా" అనేవారు. విసుగెత్తి ఆమె అడగడమే మానేసింది. కాలు చూసి తనే మార్కులు వేసేసేది.

నేతపని చేసే నాగలింగానికి చీలమండ మీద రెండేళ్లుగా మానని పుండు ఉంది. దాన్ని చూడగానే హైమవతి రెండు మార్కులు వేసింది. డాక్టరు ఆ కాగితం చూసి చాలాసేపు ఆలోచించాడు. కట్లు కడుతూ ఇంకొన్నాళ్లు చూడవచ్చు. కానీ ఇంత నరకం పడుతున్న మనిషిని ఇంకా బాధపెట్టడం ఎందుకని, కాలు తీసేద్దామన్నాడు. ఒప్పుకుంటున్నట్లు నాగలింగం చేత సంతకం పెట్టించుకు రమ్మని హైమవతినే పంపాడు.

ఆమె ఇంటికి వెళ్లేసరికి నాగలింగం గుంట మగ్గం దగ్గర, గోతిలోకి కాళ్లు దించి కూర్చుని చీర నేస్తున్నాడు. కట్టు కట్టిన ఆ కాలే కింద పలకను తొక్కుతోంది. తొక్కినప్పుడల్లా పోగులు విడివడుతున్నాయి, వాటి మధ్య నుంచి నూలు మోసుకుంటూ నాడె ఇటునుంచి అటు దూసుకుపోతోంది. నీలం అంచు గీత తప్పకుండా పెరుగుతోంది. హైమవతి ఆ కాలినే చూసింది. తను రెండు మార్కులు వేసింది ఈ మనిషికేనా అనుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నొప్పిగా లేదా తాతా?" అని మెల్లగా అడిగింది.

"ఉంటుందమ్మా. పోగు తెగి మగ్గం ఆగినప్పుడు తెలుస్తుంది."

ఆమె తడబడుతూ కాగితం సంగతి చెప్పింది. మగ్గం ఆగిపోయింది. నాగలింగం ఆ కాలిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇది పోతే మగ్గమెవరు తొక్కుతారమ్మా? నన్నెవరూ అడగలేదే" అన్నాడు.

హైమవతికి తల కొట్టేసినట్లయింది. నేల మీద కూర్చుని, ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగింది. నీ బతుక్కి పదికి ఎన్ని వేసుకుంటావు తాతా అంది. ఈసారి జవాబు వచ్చేదాకా ఆగింది. ఆయన మగ్గం మీది చీర అంచును వేలితో తడిమాడు.

"తొమ్మిది రాయమ్మా. ఆ ఒక్కటీ పుండుకు పోయింది."

ఆమె వెళ్లి డాక్టరు ముందు తన తప్పు ఒప్పుకుంది, చివాట్లు తింది. కాలు తీసే మాట ఆగిపోయి, కట్లే కొనసాగాయి. పుండు మానడానికి ఏడాది పట్టింది. అన్నాళ్లూ ఆ కాలు మగ్గం తొక్కుతూనే ఉంది.

నీతి: జబ్బును చూసి మనిషి బతుకును కొలవకూడదు. ఆ బతుకు ఎలా ఉందో ఆ మనిషినే అడగాలి, చెప్పేదాకా వినాలి.