మూలన పడ్డ మంట

అడిగిన ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం నాగరాజమ్మ పంతులమ్మకు అలవాటు లేదు. అడిగినవాళ్ల చేతికేదో పని అప్పగించి ఊరుకునేది.

రొయ్యల ఫ్యాక్టరీ గేటు ముందు ఆమె నడిపిస్తున్న ఆడకూలీల సమ్మె సాగుతోంది. మంచుగడ్డల్లో రొయ్యలు ఒలిచి పుళ్లు పడిన వాళ్ల వేళ్ల ఫొటోలు, ఆ రొయ్యలు తినే దేశంలో కాస్త అలజడి రేపాయి. అక్కడి నుంచి విలేకరి ఒకామె కెమెరాతో వచ్చింది. రెండు రోజులు చూసి, ఇక వెళ్లడానికి సంచి సర్దుకుంటోంది.

"చూశారా పంతులమ్మగారూ, మన వేళ్లు ఆయమ్మకి పాతబడిపోయినాయి. మా అన్న అన్నట్టు ఒక్క బస్సు తగలబడితే వెళ్లిపోద్దా? లోకమంతా ఇటు తిరగదేటి?" అంది కూలీల్లో ఒకతె, నూకరత్నం.

"ముందు నీ బిందె నింపుకురావే" అంది పంతులమ్మ.

కంపెనీ కుళాయి కట్టేసినప్పటి నుంచీ తాగునీళ్లు కాలువ అవతలి బోరు నుంచి మోసుకురావాలి. మద్దతంటూ వచ్చి గేటు దగ్గర మీసాలు మెలేసే మగవీరులెవరూ ఆ దారి తొక్కిన పాపాన పోలేదు.

రత్నం నిండు బిందెతో తిరిగొచ్చేసరికి కంపెనీ బస్సు మండుతోంది. ఖాళీ డబ్బాతో అన్న కొండబాబు పరుగెడుతున్నాడు. విలేకరి కెమెరా బయటికి తీసింది. రత్నం గుండె పొంగింది.

అంతలో బస్సులోంచి కేక. వెనక సీట్లో నిద్రపోతున్న డ్రైవరుది.

పంతులమ్మ తన బిందె ఎత్తి తలుపు దగ్గరి మంట మీద కుమ్మరించింది. ఆమె వెనకే పుళ్లు పడిన చేతులన్నీ కదిలాయి. రత్నం నడుము ఇంకా లాగుతూనే ఉంది. తన బిందె వంక ఒక్కసారి చూసుకుని, ఆఖరి చుక్క దాకా పోసేసింది. డ్రైవరు దగ్గుకుంటూ బయటపడ్డాడు.

"బస్సు ఎవరిది?" విలేకరి దుబాసీ చేత అడిగించింది.

"కంపెనీది."

"నీళ్లు?"

"మావి. తాగడానికి తెచ్చుకున్నవి."

"నిప్పు పెట్టిందెవరు?"

రత్నం ఖాళీ బిందె చంకనెత్తుకుని ముందుకొచ్చింది.

"మా అన్న" అంది. తల మాత్రం దించలేదు.

విలేకరి ఆ రోజు వెళ్లలేదు. ఇది గూండాల సమ్మె అని కంపెనీ ఆ విలేకరి దేశపు పత్రికలకు చెప్పుకుంది. కానీ అప్పటికే ఆ దేశం, కాలిన బస్సు ముందు ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లను చూసేసింది. అక్కడి దుకాణాలు ఆ రొయ్యలు కొనడం ఆపాయి. కంపెనీ వీళ్లను చర్చలకు పిలిచింది.

పత్రికలో వచ్చిన ఫొటో చూపిస్తూ రత్నం మెల్లగా అంది. "మంట కూడా పడింది కదా పంతులమ్మగారూ, ఆ మూలన."

"పడిందే. దాన్ని మూలకి నెట్టడానికి ఎన్ని బిందెలు పట్టాయో గుర్తుంచుకో."