ఎర్రపూత కర్ర

గోనెపాడు సంస్థానంలో గుర్రమెక్కి పొడుగు కర్రతో బంతి కొట్టే ఆట ఆడేవారు. జమీందారు జగ్గభూపతి ఓడినప్పుడల్లా తప్పు కర్రదే. ఆయన కోపం తీర్చడానికి వడ్రంగి ఓబులాచారి కర్ర కొన వంచాడు, ఇనుపకట్టు వేశాడు, పిడికి ఏనుగుదంతం తొడిగాడు. దొర మాత్రం ఓడుతూనే ఉన్నాడు.

"ఈసారి ఆట పోయిందో, నీ బొటనవేలు తెగుతుంది," అన్నాడు చివరికి.

బొటనవేలు లేని వడ్రంగి బాడిస పట్టలేడు. ఓబులాచారి కొత్త కర్ర కొసకి బంక కలిపిన ఎర్రరంగు దట్టంగా పూసి తెచ్చాడు. "కొత్త పనితనం దొరా. బంతి తగిలిన చోట మచ్చ పడుతుంది. ఆ చోటు ఇంకా గట్టి చేస్తాను."

దొర మురిసిపోయాడు. ఆ కర్రతోనే పొరుగు జమీందారు చేతిలో చిత్తుగా ఓడాడు.

"దరిద్రపు కర్ర! కత్తి తెండిరా!"

"చిత్తం. ముందు దీన్నోసారి చూడండి," అంటూ ఓబులాచారి కర్రను పొరుగు జమీందారుకి అందించాడు.

ఆయన తిప్పి తిప్పి చూశాడు. "బంతి మచ్చ ఒక్కటీ లేదే! ఇవేమిటోయ్, తెల్ల వెంట్రుకలు?"

"మా దొరవారి గుర్రానివి బాబూ. తగిలిన చోటల్లా కర్ర సాక్ష్యం పట్టుకొచ్చింది. బంతి జాడే లేదు. బంతిని తాకనే లేని కర్ర ఆట ఎలా ఓడగొడుతుంది?"

మైదానమంతా ఘొల్లున నవ్వింది. ఇప్పుడు వేలు నరికిస్తే ఈ నవ్వు పది ఊళ్లు తిరుగుతుందని దొరకు తెలిసింది. కత్తి వెనక్కి వెళ్లింది.

ఆటకర్రల తయారీలో జగ్గభూపతి తన బుర్రతో చేసిన మెరుగు ఒక్కటే. ఇకపై ఏ కర్రకీ రంగు పూయరాదని మర్నాడే దండోరా వేయించాడు.