సెగకు గట్టిపడే మనిషి

కొండల నడుమ ఒక చిన్న సీమ. అక్కడి దొరకి తన వస్తాదంటే తగని గర్వం. కోట ముందున్న రాతిగుండును వస్తాదు కంటే ఒక్క అడుగు ఎక్కువ మోసినవాడికి తన సున్నపు బట్టీలో వెట్టిచాకిరీ నుంచి విడుదల అని ఊరందరి ముందూ చాటాడు. ఆ బట్టీలో పనిచేసే కొండన్న ముందుకొచ్చాడు. విడుదలయ్యాక ఏటి ఒడ్డున చిన్న గుడిసె, గుమ్మంలో సన్నజాజి తీగ. అతని భార్య నూకాలు కల అంతే.

తీరా పందెం రోజున దొర మెలిక పెట్టాడు. "గుండు ఎత్తేది మిట్టమధ్యాహ్నం. అందాకా కొండన్న మండే బట్టీ పక్కనే నిలబడాలి." వస్తాదేమో చలువపందిరి కింద మజ్జిగ తాగుతున్నాడు.

నూకాలు గుంపులోంచి ముందుకొచ్చింది. నవ్వుమొహంతో దణ్ణం పెట్టింది.

"మీ మేలు మరవలేం దొరా. మా ఆయన పచ్చికుండ లాంటోడు, సెగ తగిలేకొద్దీ గట్టిపడతాడు. నీడన కూర్చోబెడతారేమోనని పొద్దున్నుంచీ ఒకటే దిగులు."

మీసం దువ్వుతున్న దొర చెయ్యి ఆగిపోయింది. "అలాగా? అయితే వాణ్ణి పందిట్లో కూర్చోబెట్టండి. మన వస్తాదును బట్టీ దగ్గర నిలబెట్టండి."

మధ్యాహ్నం వస్తాదు గుండును మోకాళ్ల దాకా లేపి, వణికి వదిలేశాడు. కొండన్న దాన్ని భుజాన వేసుకుని పన్నెండు అడుగులు నడిచాడు. అందరి ముందూ ఇచ్చిన మాట, దొర కాదనలేకపోయాడు.

ఏటి దారిలో కొండన్న అడిగాడు. "సెగకి నేను గట్టిపడతానని నీకెవరు చెప్పారే?"

నూకాలు అతని చెయ్యి నిమిరింది. "బట్టీ నుంచి వచ్చాక నీళ్లచెంబు కూడా నీ చేతిలో నిలిచేది కాదు మావా. రోజూ పట్టి తాగించింది నేనే కదా."