నూకాలు పెట్టుకున్న పువ్వు

అనగనగా, వాన మొహం చాటేసిన ఒక ఊళ్ళో, అందరికీ కలిపి ఒకటే గుమ్మడితోట ఉండేది బంగారూ. గాదెలు అడుగంటిపోయాయి. కాయలు కాస్తేనే ఆ ఊరు బతికేది.

తోటకి కాపలా గవరమ్మ. ఎలాంటి గవరమ్మ! ఒక్క కేక వేసిందంటే ఏడూళ్ళ అవతల కోతులు చెట్లు దిగి దణ్ణం పెట్టేవి. అబద్ధమైతే నా పళ్ళు రాలిపోవూ! ఉన్నవి రెండే అనుకో. ఆవిడకి ఉన్నదల్లా మనవరాలు నూకాలు. గంజినీళ్ళు తాగి తాగి పుల్లలా అయిపోయిన పిల్ల.

పుష్యమాసం, ఎముకలు కొరికే చలి. అప్పుడు, వేళకి ముందే, తీగలు విరగబూశాయి. ఆ పసుపు చూసి సూర్యుడే సిగ్గుపడి ఆలస్యంగా లేచాడు! కానీ ఏ పువ్వు కిందా పిందె లేదు.

"గొడ్డుపువ్వులే, కోసుకుపోండి!" అంది గవరమ్మ మహారాణిలా.

ఒకామె గొబ్బెమ్మ మీదికి కోసింది. ఆ తర్వాత ఒకామె పులుసులోకి కోసింది. ఆ తర్వాత ఊరంతా కోసింది. ఆకలి కదా.

అప్పుడు పిందెపువ్వులు వచ్చాయి. గవరమ్మ వాటి మీద పిట్టని వాలనివ్వలేదు. కేకలేసి తుమ్మెదల్ని కూడా దేశం దాటించేసింది. అయినా పిందెలు పసుపెక్కి రాలాయి. చివరికి ఒక్క పిందెపువ్వే మిగిలింది. అది ఆ పొద్దునే విచ్చుకుంది.

కూతురి పురుటికి వెళ్ళిన, తోటపని తెలిసిన అసిరమ్మ అప్పుడే తిరిగొచ్చి నెత్తి కొట్టుకుంది. "పుప్పొడి తగలందే పిందె నిలుస్తుందటే ముసలీ? పుప్పొడి ఉన్న పోతుపువ్వుల్ని గొడ్డువని పంచేశావు, తుమ్మెదల్ని తోలేశావు!"

ఒక్క పోతుపువ్వైనా దొరుకుతుందేమోనని గవరమ్మ ఇంటింటికీ పరుగెత్తింది. గొబ్బెమ్మ మీది పువ్వు ఎండిపోయింది. పులుసులో పువ్వు కడుపులోకి పోయింది. ఆ తర్వాత తన గుడిసెలోకే వచ్చింది. జ్వరంతో పడుకున్న నూకాలు జడలో, పొద్దున పూసిన ఒక్కదాన్నీ కోసి తనే పెట్టిన పువ్వు!

"అమ్మమ్మా, నా పువ్వు..."

"ఇయ్యవే తల్లీ. వచ్చే ఏడు తోటంతా నీకే పెడతాను."

ఆ పువ్వు పుప్పొడి అద్దితే పిందె నిలిచింది. ఏనుగంత కాయ అయింది! ఊరంతా మోసింది, ఊరంతా తింది. గవరమ్మ మాత్రం ముద్ద ముట్టలేదు. కాయ పండేలోగానే నూకాలు కన్నుమూసింది మరి. ఆ కాయ గింజలు మాత్రం ఒళ్ళో పోసుకుని, నాటడానికి తోటకి వెళ్ళింది గవరమ్మ.

ఇప్పటికీ ఆ ఊళ్ళో చలిలో, వేళకి ముందే పూసిన పువ్వు మీద ఎవరైనా చెయ్యి వేస్తే, ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుంటారు. "ఆగు, అది నూకాలు పెట్టుకుంది" అంటారు.

పువ్వు తీగకి, పిందె పువ్వుకి,
కథ కంచికి, కునుకు కంటికి.