గవ్వకి పుట్టిన అనుమానం

జీడితోట చివర, తాటాకు దడి లోపల, కొన్ని కోళ్లూ ఓ బాతూ ఓ నల్లటి కర్రెద్దూ కలిసి బతుకుతుండేవి. వాటిలో గవ్వ అనే పెట్టకి అప్పుడప్పుడే పిల్లతనం పోతోంది. పాత ఈకలు రాలి మెడంతా బోడిగా తయారైంది. కొత్తవి ఇంకా మొలవలేదు.

మొదట్లో గవ్వ ఆ సంగతి పట్టించుకోలేదు. దడి సందులోంచి నక్క పలకరించాకే బెంగ మొదలైంది.

"నీ మంచి కోరి చెబుతున్నాను పిల్లా. నీ మెడ చూసి అందరూ నవ్వుకుంటున్నారు."

"నాతో ఎవరూ అనలేదే మావా?"

"మొహం మీద ఎవరంటారు? నువ్వు అటు తిరిగాక అంటారు."

ఆనాటి నుంచి గవ్వకి అందరి మీదా అనుమానమే. తోటి పెట్టలు గుసగుసలాడితే తన గురించే అనుకుంది. ఎద్దు తల ఊపితే వెక్కిరింపే అనుకుంది. గింజలు చల్లినా గడ్డివాము చాటునే ఉండిపోయి సగానికి సగం చిక్కిపోయింది. నక్క మాత్రం రోజూ ఓ కొత్త మాట మోసుకొచ్చేది.

నాలుగో రోజు అంది: "ఏటి ఒండ్రు పూస్తే వారంలో ఈకలొస్తాయి. రేపు మధ్యాహ్నం ఒక్కదానివే రా, తీసుకెళతాను. ఎవరికీ చెప్పకు, ఇంకా నవ్వుతారు. ఇవాళ పొద్దున కూడా ఆ బాతు చెరువులో ఈదుతూ నీ మెడ గురించే చెప్పి నవ్వించింది."

గవ్వ తలూపి వెనుదిరిగింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. బాతు నూకాలత్త పది రోజులుగా గుడ్లు పొదుగుతోంది. చెరువు మొహమే చూడలేదు. మరి ఎప్పుడు ఈదింది?

భయపడుతూనే వెళ్లి అడిగింది. "అత్తా, నా మెడ గురించి ఏమన్నావు?"

"నీ మెడకేమైంది? ఏదీ, చూడనీ." బాతు మెడ చాచి చూసింది. "ఇదా? ఈ వయసులో అందరికీ రాలతాయే. నాకు రాలినప్పుడు ఏదో జబ్బనుకుని వారం ఏడ్చాను. నీకు ముందే చెప్పాల్సింది, తప్పు మాదే. ఇంతకీ నీకిదంతా ఎవరు నూరిపోశారు?"

గవ్వ చెప్పింది. ఏదీ దాచలేదు.

మర్నాడు మధ్యాహ్నం నక్క సందులోంచి తల లోపలికి పెట్టింది. "ఒక్కదానివే వచ్చావా?"

"లేదు మావా. నవ్వేవాళ్లందర్నీ వెంటబెట్టుకొచ్చాను. నా ఎదురుగా నవ్వమను."

పక్కనుంచి కర్రెద్దు కొమ్ము వంచింది. తల వెనక్కి లాక్కునే కంగారులో తాటిమట్ట రంపపు అంచుకి నక్క చెవి చీరుకుపోయింది. మళ్లీ అది ఆ దారిన రాలేదు.

గవ్వకి ఈకలు రావడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా బోడిమెడతోనే అందరి మధ్యా నిలబడి గింజలు తింది. ఒక పుంజు నిజంగానే నవ్వింది. "చూడటం అయిపోతే కాస్త జరుగు, గింజలు తొక్కుతున్నావు" అంది గవ్వ.

నలుగురూ నిన్నేమనుకుంటున్నారో ఒక్కరే పనిగట్టుకుని వచ్చి చెబుతుంటే, ముందు ఆ ఒక్కరినే అనుమానించాలి.