తీర్థంలో మాత్ర

శిష్యుడు తారకానికి ఆ కొండమీది ఆశ్రమంలో ఒక్క సంగతి మింగుడు పడలేదు. సాయంత్రం హారతి అయ్యాక గురువుగారు గర్భిణుల అరచేతిలో ముందు ఐరన్ మాత్ర పెట్టి, ఆపైన తీర్థం పోసేవారు. ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చిన మాత్రల్ని ఆ కొండరెడ్ల ఆడవాళ్లు ఇంటికి పట్టుకెళ్లి చూరులో దోపేసేవాళ్లు. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని వాళ్ల భయం. తీర్థంతో వచ్చినదాన్ని మాత్రం ఎవరూ కాదనరు, కళ్లకద్దుకుని మింగేస్తారు.

తారకం చదువుకున్నవాడు. ఒంట్లో ఇనుము చేరితే మలేరియా క్రిమికి మేత వేసినట్టేనని ఎక్కడో చదివాడు. అది జ్వరాల కొండ. వానలు పడితే ఇంటికొకరు మూలుగుతూ పడుకుంటారు. ఒకరోజు ధైర్యం చేసి ఆ మాటే గురువుగారితో అన్నాడు.

తనకూ ఒకప్పుడు ఆ భయం ఉండేదన్నారాయన. పెద్దాసుపత్రి డాక్టరును అడిగితే, జ్వరం సంగతి జ్వరంగా చూసుకోండి, దోమతెర కట్టించండి, రక్తం పరీక్ష చేయించండి, మాత్ర మాత్రం మాన్పించొద్దు, బిడ్డకు బరువొస్తుంది అన్నాడట. తారకం తలూపాడు. తలూపడంలో అతన్ని మించినవాడు లేడు.

వానాకాలంలో గురువుగారు జబ్బుపడి వైద్యానికి పట్నం వెళ్లారు. ఆశ్రమం తారకం చేతికొచ్చింది. మొదటి సాయంత్రమే మాత్రల డబ్బా అటకెక్కించి, ఒట్టి తీర్థం పోశాడు. సుక్కమ్మ అనే గర్భిణి తన అరచెయ్యి చూసుకుని, "మందు మరిసిపోయారు సామీ," అంది.

ఆమె పెదవులు పాలిపోయి ఉన్నాయి. తారకం వాటి వంక చూడలేదు. ఆ మందు జ్వరాన్ని పెంచుతుంది, ఇక వద్దని చెప్పి పంపేశాడు. నలుగురికి మేలు చేశానన్న తృప్తితో హాయిగా నిద్రపోయాడు కూడా. దోమతెరల సంగతి మాత్రం అతనికి గుర్తే రాలేదు.

సామి వద్దన్నాడన్న మాట కొండంతా పాకింది. జ్వరాలు రానే వచ్చాయి. మాత్ర మానేసినవాళ్లకీ వచ్చాయి, సుక్కమ్మకీ వచ్చింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పుట్టిన ఆడబిడ్డ ఒక్క పూట ఊపిరి తీసి ఆగిపోయింది. తల్లి బతికిందంటే బతికింది, అంతే.

గురువుగారు తిరిగొచ్చింది ఆ రోజే. తారకం ఎదురెళ్లి, ఎవరూ అడక్కుండానే, జాగ్రత్త కోసమే మాన్పించానన్నాడు. చదువుకున్నవాళ్లే దీని మీద రెండు రకాలుగా మాట్లాడుతున్నారన్నాడు. ఆపైన గొంతు తగ్గించి అడిగాడు.

"మాత్ర ఇచ్చుంటే బతికేదా స్వామీ?"

"తెలీదు," అన్నారు గురువుగారు. "తెలుసుకునే దారి నువ్వు ఉంచలేదు."

ఆ తర్వాత పార తీసి అతని చేతికిచ్చి, వాగొడ్డున గుంట తవ్వమన్నారు.

తారకం చెమటలు కక్కుతూ తవ్వాడు. సుక్కమ్మ గుమ్మం తొక్కే ముఖం లేక అతను ఆ బిడ్డను చూడనే లేదు. పసిబిడ్డ ఎంత ఉంటుందో మనసులోనే అనుకుని, ఆ కొలతకు తవ్వాడు.

సుక్కమ్మ మొగుడు లచ్చిరెడ్డి పాత తువ్వాలు మూట తెచ్చాడు. తారకం తల దించుకునే ఉన్నాడు. లచ్చిరెడ్డికి అతని మీద జాలేసినట్టుంది.

"మీరు మా మంచికే సెప్పుంటారు సామీ," అన్నాడు.

అంతకంటే ఆ పార తీసుకుని నెత్తిన మోదినా బాగుండేదనిపించింది తారకానికి.

గురువుగారు మూటను అందుకుని గుంటలో దించారు. చుట్టూ చాలా ఖాళీ మిగిలిపోయింది. ఆయన ఒక్క క్షణం చూసి, మూటను మళ్లీ పైకి తీసి గుండెకు ఆనించుకున్నారు.

"బిడ్డ ఇంత లేదు నాయనా," అన్నారు. "సగం పూడ్చు."